పాత దొర బొమ్మ చేతికొస్తే: రాగిరేకు అచ్చును చదవడం, కాపాడుకోవడం

పర్లాకిమిడిలో మాకు ఫ్రేముల కొట్టు ఉంది. నాన్నగారి కాలం నుంచీ ఊళ్ళోవాళ్ళు దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు మా దగ్గరే కట్టించుకుంటారు. వాటి మధ్య అప్పుడప్పుడూ ఇంకో రకం బొమ్మలు వస్తాయి. పాత ఇల్లు పడగొట్టినప్పుడో, అన్నదమ్ములు వేరుపడ్డప్పుడో అటక మీంచి దిగుతాయి. మందస, టెక్కలి వైపు నుంచి తెస్తారు, గుణుపూర్ నుంచి తెస్తారు, బరంపురం నుంచి కూడా తెస్తారు. గాజు పగిలిపోయి ఉంటుంది, వెనక చెక్కని చెదలు తినేసి ఉంటాయి. మధ్యలో మాత్రం గడ్డం, మీసం, మెడకి లేసు కాలరు ఉన్న దొర ఒకడు మనకేసే చూస్తుంటాడు. "ఇదేటమ్మా, ఎవుడీ దొర? కొత్త ఫ్రేము కట్టేస్తావా, పారేమంటావా?" అని అడుగుతారు.

పారేయొద్దు. కొత్త ఫ్రేముకి సరిపోవాలని అంచులు కూడా కోయొద్దు. ఈ రెండు మాటలూ నేను ప్రతివాళ్ళకీ చెబుతాను. ఎందుకంటే ఇలాంటి బొమ్మకి మొహం ఎంత ముఖ్యమో అంచులూ అంతే ముఖ్యం. ఎవరు గీశారు, ఎవరు చెక్కారు, ఎప్పుడు అచ్చయింది, అసలు అచ్చా నకలా, ఇవన్నీ తెలిసేది అంచుల్లోనే. చాలా ఇళ్ళల్లో మొదట పోయేవీ అవే.

ఆ మధ్య మా కొట్టుకి వచ్చిన ఒక బొమ్మని ముందు పెట్టుకుని, ఇది ఎలా చూడాలో చెబుతాను. కవచం తొడుక్కున్న నడివయసు మనిషి, ఛాతీ మీద రిబ్బనుకి వేలాడుతున్న చిన్న పతకం, కింద ఒక వంశ చిహ్నం, దాని కింద పేరు: థామస్ హోవర్డ్, ఎర్ల్ ఆఫ్ అరుండెల్. ఎర్ల్ అంటే ఇంగ్లండులో ఒక ప్రభువు బిరుదు. పేరు ఉంది కాబట్టి సగం పని అయిపోయినట్టే.

ముందు ఈ మనిషి ఎవరో తెలుసుకుందాం, తర్వాత పనికొస్తుంది. 1585లో పుట్టాడు. ఇంగ్లండులో మొదటి జేమ్స్ రాజు దగ్గరా, ఆయన తర్వాత మొదటి చార్లెస్ దగ్గరా కొలువు చేశాడు. 1611లో గార్టర్ బిరుదు అందుకున్నాడు, అది ఇంగ్లండు రాజు ఇచ్చే చాలా పెద్ద గౌరవం. 1621లో ఎర్ల్ మార్షల్ అయ్యాడు, అంటే రాజుగారి వేడుకలూ వంశ చిహ్నాల వ్యవహారాలూ చూసే పెద్ద పదవి. కానీ ఇప్పుడు ఆయన్ని తలుచుకునేది పదవి వల్ల కాదు, కళల మీద పిచ్చి వల్ల. వాస్తుశిల్పి ఇనిగో జోన్స్‌ని వెంటబెట్టుకుని 1613-14లో ఇటలీ అంతా తిరిగాడు. గ్రీకు, రోమన్ శిలా విగ్రహాలు తెప్పించి లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న తన ఇంట్లో పెట్టుకున్నాడు. పాతకాలపు జర్మన్ చిత్రకారులు హోల్బైన్, డ్యూరర్ బొమ్మలంటే ప్రాణం. లియొనార్డో డావిన్చీ రాతలున్న ఒక పుస్తకం ఈయన దగ్గరే ఉండేది, దాన్ని ఇప్పటికీ కోడెక్స్ అరుండెల్ అనే పిలుస్తారు, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ రోజుల్లో పేరున్న చిత్రకారులు రూబెన్స్, వాన్‌డైక్ ఇద్దరూ ఆయన చిత్రాలు వేశారు. ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం మొదలయ్యే వేళకి దేశం విడిచి, 1646లో ఇటలీలోని పడువాలో చనిపోయాడు. ఆయన శిలల్లో కొన్నింటిని మనవడు 1667లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు.

మన వైపు వాళ్ళకి ఇలాంటి మనిషిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఇటు తెలుగు కవులనీ అటు ఒడియా కవులనీ ఆదరించారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అంత ధనం ఇచ్చారు. అరుండెల్ ప్రభువు ఆ కోవ మనిషే. అలాంటివాళ్ళ మొహాన్ని నలుగురికీ చేర్చడానికి ఫోటో లేని రోజుల్లో ఒకటే దారి: తైలవర్ణ చిత్రాన్ని చూసి రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు వెయ్యడం.

ఇక పనిలోకి దిగుదాం.

పాత ఫ్రేము విప్పే ముందు ఫోనుతో ఎదటా వెనకా ఫోటోలు తీసుకోండి. వెనక అట్ట మీద కొట్టు చీటీ, పెన్సిలు రాత, లైబ్రరీ ముద్ర ఏది ఉన్నా దగ్గరగా ఇంకో ఫోటో తియ్యండి. తర్వాత బల్ల మీద ఉతికిన పాత బట్ట పరిచి, బొమ్మ బోర్లా పెట్టి, మేకులు సన్నటి పటకారుతో ఒక్కొక్కటీ లాగాలి. సుత్తి ముట్టుకోవద్దు. గాజు పగిలి ఉంటే ముందు దాని మీద అడ్డంగా నిలువుగా టేపు వేసి బోర్లించండి, ముక్కలు కాగితాన్ని గీరకుండా ఉంటాయి. కాగితం గాజుకి అంటుకుపోయి ఉంటే అక్కడితో ఆగిపోండి. వర్షాకాలం తేమకి మన వైపు ఇది మామూలే. నీళ్ళు చల్లి ఊడదీద్దామనుకుంటారు, కానీ ఆ పని కాగితాలు బాగుచేసే నిపుణుల చేతుల్లోనే జరగాలి. అంతవరకూ గాజుతోనే ఉంచండి.

బయటికి తీశాక మొదట చూడాల్సింది అచ్చు రకం. దీనికి భూతద్దం కావాలి. వాచీలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునేది, పది రెట్లు పెద్దగా చూపించేది అయితే చాలు. బొమ్మ మీదకి వెళ్ళే ముందు ఒక ఐదొందల నోటు తీసి గాంధీగారి మొహాన్ని దాంతో చూడండి. ఆ మొహం వేసిన పద్ధతి, మన దొర బొమ్మ వేసిన పద్ధతి మూలంలో ఒకటే. లోహపు పలక మీద గీతలు లోతుగా ఉంటాయి, ఆ లోతుల్లో సిరా నింపుతారు, పైన తుడిచేస్తారు, కాగితాన్ని గట్టిగా నొక్కితే సిరా గీతల్లోంచి లేచి కాగితానికి పట్టుకుంటుంది. అందుకే కొత్త నోటు మీద వేలు ఆనిస్తే గరుకు తెలుస్తుంది. మా కొట్టులో పనిచేసే కుర్రాడికి నేర్పింది కూడా నోటుతోనే. కళ్ళు నోటుకి అలవాటు పడ్డాక బొమ్మ దగ్గరికి రండి. ఒక్క జాగ్రత్త: నోటు మీద వేలు పెట్టినట్టు పాత బొమ్మ మీద పెట్టకూడదు. చేతి చెమట, నూనె కాగితంలోకి దిగిపోయి ఏళ్ళ తర్వాత మచ్చలుగా బయటపడతాయి. కళ్ళతోనే చూడాలి.

భూతద్దం కింద ఏం కనపడితే ఏమిటో చెబుతాను.

గీత సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్ళీ సూదిమొనలా ముగిస్తే అది ఉక్కు మొనతో నేరుగా రాగిలో చెక్కిన గీత. ఆ పనిముట్టుని బ్యూరిన్ అంటారు. చెయ్యి నొక్కేకొద్దీ గీత లావవుతుంది, వదిలేకొద్దీ సన్నబడుతుంది. ఐరోపాలో ఈ విద్య మొదలైందే కంసాలుల దగ్గర. నగల మీద నగిషీ చెక్కే చేతులే రాగిరేకు మీదకి మారాయి. మంచి చెక్కడంలో బుగ్గ చూడండి. గీతలు బుగ్గ ఒంపుని అనుసరించి వంగుతాయి, వాటి మీద ఇంకో వరస ఏటవాలుగా పోతుంది, రెండింటి మధ్య ఏర్పడ్డ ప్రతి డైమండు గడిలోనూ ఒక చిన్న చుక్క ఉంటుంది. దూరం నుంచి చూస్తే చర్మం మీద నీడ, దగ్గరికి వెళ్తే గడీ, చుక్కా. ఇంత ఓపిక ఒక మనిషి మొహం కోసం పెట్టారా అనిపిస్తుంది నాకు, చూసిన ప్రతిసారీ.

గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు ఉండి, కొసలు మొద్దుగా ఉంటే అది ఎచింగ్. రాగిరేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచుతారు. గీసినచోట ఆమ్లం రాగిని తింటుంది. చెయ్యి కాగితం మీద గీసినంత తేలిగ్గా కదులుతుంది కాబట్టి గీతలు కూడా స్వేచ్ఛగా ఉంటాయి. అరుండెల్ ప్రభువుకి ఈ పని చేసిపెట్టినవాడు వెన్సెస్లాస్ హోలార్. 1607లో ప్రాగ్‌లో పుట్టాడు. 1636లో అరుండెల్ ప్రభువు పవిత్ర రోమన్ చక్రవర్తి దగ్గరికి రాయబారిగా వెళ్తూ జర్మనీలోని కొలోన్ నగరంలో ఇతన్ని చూసి, ముచ్చటపడి, తనతో లండన్ తీసుకెళ్ళాడు. ప్రభువు రూపాన్నీ, ప్రభువు ఇంట్లో ఉన్న చిత్రాలనీ, చివరికి ఆ ఇంటి పెరడునీ హోలార్ రేకులకి ఎక్కించాడు. ఆ సేకరణ తర్వాత చెల్లాచెదురైపోయింది. అందులో ఏమేం ఉండేవో ఇవాళ మనకి కొంతైనా తెలుస్తోందంటే హోలార్ అచ్చుల పుణ్యమే. ఒక పోషకుడు ఒక కళాకారుడికి అన్నం పెడితే ఏమవుతుందో చూడండి. శిలలు, చిత్రాలు తలోచోటుకీ పోయాయి, ఆ కాగితాలు నిలిచాయి.

గీతలు లేకుండా చుక్కలే ఉంటే జాగ్రత్తగా చూడాలి. చుక్కలు రెండు రకాలు. ఒకదాంట్లో చుక్కలు చిన్నా పెద్దా కలిసి, కొన్ని పొడుగ్గా, కొన్ని గుండ్రంగా, మొహం ఒంపుని బట్టి సర్దుకుని ఉంటాయి. ఇది చేత్తో చేసిన స్టిపుల్ పని. 18వ శతాబ్దం రెండో సగం నుంచి ఇంగ్లండులో దీనికి మంచి గిరాకీ. రెండో రకంలో చుక్కలు తాడు పట్టినట్టు వరసలు కట్టి, మొహం మీదా గోడ మీదా ఒకే దూరంలో ఉంటాయి. ఇది హాఫ్‌టోన్, అంటే 1880ల తర్వాత వచ్చిన ఫోటో బ్లాకు. పాత పత్రికలో ఫోటో ఎలా ఉంటుందో అలాగే. ఈ రెండో రకం కనపడితే మీ చేతిలో ఉన్నది పాత అచ్చుని ఫోటో తీసి వేసిన నకలు. అయినా పారేయొద్దు, కానీ ఖర్చు ఎంత పెట్టాలో తెలుస్తుంది.

అంతా మఖమల్ లాంటి నలుపు, అందులోంచి వెలుగు తీసినట్టు మొహం ఉంటే మెజోటింట్. ఆ పద్ధతి 1642లో మొదలైంది. అంటే అరుండెల్ ప్రభువుది మెజోటింట్ కనపడితే అది ఆయన పోయాక ఎవరో చేసిందే అని దాదాపు చెప్పెయ్యొచ్చు.

మాకు వచ్చిన బొమ్మలో కవచం అంతా గీతల పని, మొహం అంతా స్టిపుల్. రెండూ కలిపి వాడటం 18వ శతాబ్దం చివరా, 19వ శతాబ్దం మొదట్లో బాగా ఉండేది. అంటే ప్రభువు బతికుండగా వేసింది కాదు. వాన్‌డైక్ చిత్రాన్ని చూసి తర్వాతివాళ్ళు పుస్తకం కోసం చెక్కిన బొమ్మ. ఇలాంటి పెద్దవాళ్ళ బొమ్మల సంపుటాలు ఆ రోజుల్లో లండన్‌లో చాలా అచ్చయ్యాయి. అప్పట్లో మా ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా, జమీందార్ల ఇళ్ళకి ఇంగ్లీషు పుస్తకాలు మద్రాసు మీదుగా వచ్చేవి. పుస్తకం పాడైపోయాక బొమ్మలు విప్పి ఫ్రేము కట్టుకునేవారు. బొమ్మకి ఒక పక్క కుట్టు కన్నాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది పుస్తకంలోంచి వచ్చినట్టే.

తర్వాత రేకు అచ్చు గుర్తు. గది చీకటి చేసి, ఫోను టార్చి బల్లకి ఆనించి పక్క నుంచి వెలుగు వెయ్యండి. బొమ్మ చుట్టూ కాగితంలో నలుచదరంగా చిన్న గుంట అంచు కనపడుతుంది. ప్రెస్సులో రాగిరేకు నొక్కిన గుర్తు అది. రాతిపలక మీంచి తీసిన లితోగ్రాఫ్ అచ్చుకి ఈ గుంట ఉండదు. ఇది ఒక్కటే చూసి నమ్మకూడదు, నకలు వేసేవాళ్ళు ఉత్త పలక నొక్కి ఈ గుర్తు పుట్టించగలరు. భూతద్దంలో చూసింది, టార్చితో చూసింది రెండూ ఒక్క మాట చెప్పాలి. ఆ గుంట అంచుకి బయట ఉన్న తెల్ల కాగితమే అందరూ "ఇదెందుకు, కోసెయ్" అనేది. అది పోతే బొమ్మ విలువా తగ్గుతుంది, చదవడానికి ఆధారమూ పోతుంది.

ఇప్పుడు బొమ్మ కింద ఉన్న చిన్న అక్షరాలు. మామూలుగా ఎడమ మూల చిత్రకారుడి పేరు, పక్కన "పింక్సిట్" అని గానీ దాని పొట్టిరూపం గానీ ఉంటుంది. ఆయన రంగుల్లో వేశాడన్నమాట. కుడి మూల ఇంకో పేరు, పక్కన "స్కల్ప్‌సిట్". ఆయన రేకు మీద చెక్కాడు. "డెలినియావిట్" ఉంటే మధ్యలో ఒకరు పెన్సిలుతో నకలు గీసిచ్చారు. "ఫెసిట్" అంటే ఈ పని తనదేనని చెప్పుకోవడం, ఎచింగ్‌ల మీద ఎక్కువ కనపడుతుంది, హోలార్ తన పేరు పక్కన ఇదే పెట్టుకునేవాడు. "ఎక్స్‌కుడిట్" పక్కనున్న పేరు అచ్చువేసి అమ్మిన ప్రచురణకర్తది. హోలార్ అచ్చుల కింద అరుండెల్ సేకరణలోంచి అన్న లాటిన్ మాటలు కనపడితే, ఆ చిత్రం ప్రభువు ఇంట్లో ఉన్నదని అర్థం.

పార్లమెంటు చట్టం ప్రకారం ప్రచురించాం అని తేదీతో ఒక వరస ఉంటే మీ అదృష్టం. చెక్కేవాళ్ళ హక్కు కోసం ఇంగ్లండులో 1735లో చట్టం వచ్చింది, హోగార్త్ అనే చిత్రకారుడు పోరాడి తెప్పించాడు. ఆ వరస ఉన్న బొమ్మ ఏదైనా ఆ తర్వాతదే. అయితే తేదీ ఉందని ఆ కాగితం సరిగ్గా ఆ ఏడాదే అచ్చయిందనుకోకూడదు. రేకు చేతులు మారుతుంది, ఏళ్ళ తర్వాత మళ్ళీ అచ్చు వేస్తారు. అప్పుడు గీతలు అరిగి, నీడలు బూడిద రంగుకి దిగి, బొమ్మ నీరసంగా కనపడుతుంది. తొలి అచ్చుల్లో కవచం మీద మెరుపు కంటికి గుచ్చుకుంటుంది.

మా బొమ్మకి ఎడమ మూల వాన్‌డైక్ పేరు ఉంది. కుడి మూల ఎవరో ఫ్రేముకి సరిపోలేదని ఏటవాలుగా కోసేశారు. పేరు పోయింది, "స్కల్ప్" అన్న ముక్క మిగిలింది. తేదీ ఉండే అడుగు వరస మొత్తం పోయింది. బుగ్గ మీద ఆ చుక్కలు పెట్టడానికి ఎన్నో రోజులు రేకు మీద వంగి కూర్చున్న మనిషి పేరు అది. కత్తెర ఒక్క కదలికకి పోయింది. కోసినవాళ్ళకి తెలియక కోశారు. అందుకే ఇంతగా చెబుతున్నాను.

పేరు కూడా పోయిన బొమ్మయితే వంశ చిహ్నం చూసి కొంత పట్టుకోవచ్చు. నలుపు తెలుపు అచ్చులో రంగులు గీతల్లో చెబుతారు. 1638లో పెట్రా శాంక్టా అనే పాదిరీ తన పుస్తకంలో వాడిన ఈ పద్ధతే తర్వాత అందరిదీ అయింది. నిలువు గీతలు ఎరుపు. అడ్డ గీతలు నీలం. ఎడమ పై మూల నుంచి కుడి కిందకి జారే గీతలు ఆకుపచ్చ. నిలువు అడ్డం కలిస్తే నలుపు. చుక్కలు బంగారం. ఏమీ లేకుండా ఖాళీగా వదిలితే వెండి. ఇప్పుడు అరుండెల్ ప్రభువు వంశ చిహ్నంలోని డాలు భూతద్దంలో చూడండి. మొదటి గడిలో నిలువు గీతల మధ్య ఖాళీ పట్టీ ఏటవాలుగా పోతుంది, దానికి అటూ ఇటూ మూడేసి చిన్న శిలువలు. ఎర్ర నేల మీద వెండి పట్టీ, అది హోవర్డ్ వంశం గుర్తు. ఇంకో గడిలో చదరంగం బల్లలా ఒక చదరం చుక్కలు, ఒక చదరం అడ్డగీతలు. బంగారం, నీలం. ఇంకో దాంట్లో నిలువు గీతల మీద చుక్కలతో లేచి నిలబడ్డ సింహం. బొమ్మ నలుపే, కానీ చదవడం వస్తే రంగులన్నీ కనపడతాయి. మా కొట్టుకి వచ్చే పిల్లలకి ఇది చూపిస్తే భూతద్దం తిరిగి ఇవ్వరు.

డాలు చుట్టూ బెల్టులా చుట్టుకున్న పట్టీ, దాని మీద ఫ్రెంచి మాటలు ఉంటే ఆయన గార్టర్ బిరుదు ఉన్నవాడు. ఈ బిరుదువాళ్ళు ఎడమ మోకాలి కింద పట్టీ కట్టుకుంటారు. నిలువెత్తు బొమ్మలో అది కుడి కాలికి కనపడితే బొమ్మ తిరగబడిందని అర్థం. చెక్కేవాడు చిత్రాన్ని చూసినట్టే రేకు మీద చెక్కితే అచ్చులో కుడి ఎడమలు మారిపోతాయి. కత్తి ఒర కుడి పక్కకి వచ్చిన బొమ్మలు కూడా అలాంటివే. అది నకిలీ అనుకోవద్దు, చాలా మంచి పనివాళ్ళ అచ్చుల్లో కూడా ఉంటుంది.

పేరు పక్కన 14వ ఎర్ల్ అని ఒకచోట, 21వ ఎర్ల్ అని ఇంకోచోట కనపడితే కంగారుపడకండి. ఆ బిరుదుని లెక్కపెట్టే పద్ధతులు రెండున్నాయి, మనిషి ఒకడే.

కాగితం కూడా మాట్లాడుతుంది. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకోండి. దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ ఇంచుమించు అంగుళం దూరంలో ఇంకో వరస గీతలు కనపడితే అది పాత పద్ధతి కాగితం, తీగల జల్లెడ మీద చేసింది. ఏ గీతా లేకుండా సమంగా ఉంటే వోవ్ కాగితం. ఇంగ్లండులో అలాంటి కాగితం మీద మొదటి పుస్తకం 1757లో వచ్చింది. కాబట్టి గీతల్లేని కాగితం మీద ఉన్న బొమ్మ 17వ శతాబ్దంలో అచ్చయింది అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మా బొమ్మ ఈ రకమే, మొహం మీద స్టిపుల్ చెప్పిన మాటే కాగితమూ చెప్పింది.

కాపాడుకోవడం దగ్గర చేయాల్సిన వాటికన్నా చేయకూడనివే ఎక్కువ. కాఫీ రంగు మచ్చలు పోవాలని బ్లీచింగ్ పౌడరు వాడొద్దు. రొట్టె ముక్కతో, రబ్బరుతో రుద్దొద్దు. మెత్తటి వెడల్పు కుంచెతో మధ్య నుంచి బయటికి దుమ్ము దులపండి, అంతే. చిరిగినచోట సెల్లోటేపు వేస్తే కొన్నేళ్ళకి జిగురు పసుపుగా కాగితంలోకి దిగిపోతుంది, ఇంక రాదు. ఫెవికాల్‌తో అట్టకి అంటించినా అంతే. పాత బైండింగువాళ్ళు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. పురుగు రాదు నిజమే, కానీ అందులో ఉన్న రాగి కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఇలాంటి బొమ్మలకి మాత్రం అది వద్దు. ల్యామినేషన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. దేవుడి పటానికి చేయించుకోండి, దీనికి వద్దు.

ఫ్రేము కట్టేటప్పుడు కాగితం గాజుని తాకకూడదు. మధ్యలో మౌంట్ బోర్డు కిటికీలా కోసి పెట్టాలి. ఆ కిటికీ బొమ్మ వరకే కాకుండా రేకు గుంటా, కింది అక్షరాలూ కనపడేంత పెద్దది ఉండాలి. బోర్డు ఆసిడ్ లేనిది కావాలి. మామూలు అట్ట ఆమ్లం వదిలి కాగితం అంచుని గోధుమ రంగులోకి తెస్తుంది. ఆసిడ్ లేనిది మా ఊళ్ళో దొరకదు, విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకోవాలి. ఖరీదు ఎక్కువే, కానీ ఒక్కసారి పెట్టే ఖర్చు. బొమ్మని బోర్డుకి నాలుగు వైపులా అంటించొద్దు. పై అంచున రెండు చోట్ల సన్నటి జపాను కాగితం పట్టీలు, గోధుమ పిండి గంజితో పెట్టి వేలాడదియ్యాలి. కాగితం తేమకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. నాలుగు పక్కలా బిగిస్తే ముడతలు పడి చిరుగుతుంది. వెనక ప్లైవుడ్ పెట్టక తప్పకపోతే దానికీ బొమ్మకీ మధ్య ఇంకో ఆసిడ్ లేని బోర్డు ఉండాలి.

తగిలించే చోటు. బయట వానకి తడిసే గోడ వద్దు, కిటికీకి ఎదురు గోడ వద్దు, దీపారాధన చేసే చోటికి దగ్గర వద్దు. మ్యూజియంలు కాగితం మీది బొమ్మలకి 50 లక్స్ వెలుగు దాటనివ్వవు, అంటే మన హాల్లో ట్యూబులైటు కింద ఉండే వెలుగు కన్నా చాలా తక్కువ. అంత పట్టింపు ఇంట్లో కుదరదు గానీ ఎండ మాత్రం పడనివ్వకండి. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు బిరడా ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, మా మహేంద్రతనయ ఒడ్డున వర్షాకాలం అంతా తేమ దాని పైనే. అందుకే ఆశ్వయుజంలో వానలు తగ్గాక ఒకసారి ఫ్రేము దింపి వెనక చూసుకోండి. చెదలు సొరంగం కట్టేది ఎప్పుడూ గోడ వైపు నుంచే.

అమ్మేవాళ్ళకి ఒక మాట. వందేళ్ళు దాటిన కళాఖండాలకి 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం, వ్యాపారం చేసేవాళ్ళకి లైసెన్సు ఉండాలి. ఫోటో చూసి "ఫారిన్ పంపిస్తాను, మంచి రేటు" అనేవాళ్ళకి ఇవ్వకండి. అసలు పుస్తకంలోంచి వచ్చిన విడి బొమ్మలకి లక్షలు రావు, ఆ ఆశ ఎవరైనా పెడితే అనుమానించండి.

పోల్చి చూసుకోవడానికి ఇంట్లో ఇంటర్నెట్ చాలు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ రెండూ తమ అచ్చుల బొమ్మల్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి. హోలార్ అచ్చులకి టొరంటో విశ్వవిద్యాలయం వాళ్ళ సేకరణ బాగుంటుంది. మనిషి పేరు, చిత్రకారుడి పేరు కలిపి వెతికి, వచ్చినవాటిలో మీ బొమ్మతో గీత గీతా కలిసేది పట్టుకోండి. మొహం కలిస్తే సరిపోదు, ఒకే చిత్రం నుంచి చాలామంది చెక్కి ఉంటారు. కవచం మీద మెరుపు ఎక్కడ పడింది, రిబ్బను ముడి ఎటు తిరిగింది, నేపథ్యం గీతలు అడ్డమా ఏటవాలా, ఇవి చూడండి. మేమూ ఇలాగే మా బొమ్మకి పోయిన పేరు వెతుకుతున్నాం.

తెలిసిందంతా ఆ కాగితం వెనక, బొమ్మ లేని అంచున, మెత్తటి పెన్సిలుతో చిన్నగా రాసి పెట్టండి: ఎవరి బొమ్మ, ఏ ఇంటి నుంచి వచ్చింది, ఎప్పుడు ఫ్రేము మార్చారు. పెన్ను వద్దు, సిరా ముందుకి దిగుతుంది. పాత ఫ్రేము వెనక చీటీ ఉంటే ఊడదీయకుండా అట్టతో సహా కోసి, ప్లాస్టిక్ కవరు కాకుండా కాగితం కవర్లో పెట్టి, కొత్త ఫ్రేము వెనక తగిలించండి.